‘ఫస్టాఫ్ పర్లేదు మామా’: టీకా తాత్పర్య సహితం

మూలం

“ఫస్టాఫ్ పర్లేదు మామా, సెకండాఫే సాగదీశాడు. ఇంటర్వెల్ మాత్రం లేపాడు. ఒకసారి చూడొచ్చు. ఎల్లుండి ఎళ్దామా?”

అవతారిక

పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, అంటే గరికపాడు చెక్‌పోస్టు నుంచి కీసర టోలుగేటు దాకా, ఇద్దరు స్నేహితులు కూర్చున్న చోటల్లా పుట్టే సినిమా చర్చకు పై నాలుగు వాక్యాలే మూలం. కర్త ఎవరో తెలియదు. కొత్త సినిమా వచ్చినప్పుడల్లా ఇది మళ్ళీ పుడుతుంది. సినిమా పేరు మారుతుంది, హీరో మారతాడు, మూలంలో మాత్రం అక్షరం మారదు. జగ్గయ్యపేట బస్టాండు దగ్గరి టీ కొట్టులోనైనా, నందిగామలో మిరపకాయ బజ్జీల బండి దగ్గరైనా వినిపించే పాఠం ఒక్కటే. ఇంత నిలకడ ఉన్న గ్రంథానికి ఇన్నాళ్ళూ వ్యాఖ్యానం లేకపోవడం లోటే. 1854లో మద్రాసులో మొదలైన వావిళ్ళవారి ముద్రణాలయం కావ్యాలకూ ప్రబంధాలకూ టీకా తాత్పర్యాలు అచ్చువేసింది గాని టీ కొట్టు దాకా రాలేదు.

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఈ టీక మొదటి నియమాన్ని వీలైనంత వరకు పాటిస్తుంది. రెండోదాన్ని పాటిస్తే సినిమా చర్చ అన్నదే ఉండదు.

గ్రంథారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అన్న నాలుగింటినీ చెప్పాలని ప్రాచీనుల కట్టడి. ఇక్కడ విషయం సినిమా. ప్రయోజనం, పొద్దుగూకినప్పటి నుంచి కొట్టు కట్టేసే దాకా కాలక్షేపం. సంబంధం స్నేహం, అది ఒకే బళ్ళో చదవడం వల్లనో, ఒకే హీరోకు అభిమానులు కావడం వల్లనో, అంతకంటే గట్టిగా వేర్వేరు హీరోలకు అభిమానులు కావడం వల్లనో కుదురుతుంది. అధికారి, అంటే ఈ చర్చ చేయడానికి అర్హుడు ఎవడన్న ప్రశ్నకు జవాబు చివరి వాక్యం మీది వ్యాఖ్యలో గాని తేలదు. అప్పటిదాకా పాఠకుడు ఓపిక పట్టాలి.

దేశ నిర్ణయం

సినిమాతో ఈ ప్రాంతానికి ఉన్న చుట్టరికం గురించి కొన్ని భ్రమలు ముందే తొలగించుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. రాష్ట్రంలో సినిమా నటుడి పేరున్న జిల్లా ఇదొక్కటే. అయితే ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు కృష్ణా జిల్లాలోనే ఉండిపోయింది. అందువల్ల టీ కొట్టులో ఎవడైనా ‘మా జిల్లా హీరో’ అంటే ‘ఏ జిల్లా?’ అని ఎదుటివాడు అడగవచ్చు, అడుగుతాడు కూడా. శోభన్‌బాబుది నందిగామే అని ఎవరైనా పొరుగూళ్ళో గొప్ప చెప్పుకుంటే అదీ చెల్లదు. ఆయనది మైలవరం దగ్గరి చిననందిగామ. జగ్గయ్యపేటకు పేరిచ్చిన జగ్గయ్య కంచుకంఠం కొంగర జగ్గయ్య కాదు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి తండ్రి. ఆయన ఏ సినిమాలోనూ వేయలేదు.

సినిమా వ్యాపారం లెక్కలో ఈ ప్రాంతం సరిహద్దు గ్రామం లాంటిది. పంపిణీదారులు తెలుగు నేలను నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని పంచుకున్నారు. జగ్గయ్యపేటలో తెగిన టికెట్టు ‘కృష్ణా’ ఖాతాలో పడుతుంది. చెక్‌పోస్టు దాటి కోదాడలో తెగిన టికెట్టు ‘నైజాం’ ఖాతాలో పడుతుంది. అన్నదమ్ములిద్దరు చెరొక ఊళ్ళో చూస్తే వసూళ్ళు చెరొక ఏరియాకు పోతాయి. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35తో టికెట్ల ధరలకు కళ్ళెం వేసింది. 2022 మార్చిలో మరో జీవోతో సడలించింది. ఆ మధ్యకాలంలో ఒకే సినిమాకు చెక్‌పోస్టుకు అటు ఒక రేటు, ఇటు ఒక రేటు. ‘డబ్బులకు తగ్గట్టు లేదురా’ అన్న విమర్శ కోదాడలో చూసినవాడి నోట చెల్లింది గాని జగ్గయ్యపేటలో చూసినవాడి నోట చెల్లలేదు. విమర్శకు రాష్ట్ర సరిహద్దు అడ్డం పడిన సందర్భం సాహిత్యంలో మరొకటి వెతకాలి.

పదచ్ఛేదం

ఫస్టు + ఆఫు = ఫస్టాఫు; ఉత్తునకు అచ్చు పరమైంది కనుక ఉత్వసంధి. హకారం ఏమైందని అడగరాదు. అది హైవే ఎక్కకముందే జారిపోయింది. సెకండు + ఆఫు కూడా ఇంతే. ‘పరవాలేదు’ పర్లేదు కావడం, ‘వెళ్దామా’ ఎళ్దామా కావడం ఆకలి మీద ఉన్నవాడి వ్యవహారం. ‘ఇంటర్వెల్’కు ‘విశ్రాంతి’ అన్న పాఠాంతరం పాత సినిమాల తెరమీద కనిపిస్తుంది. నోటితో అన్నవాడు లేడు.

ప్రతిపదార్థం

ఫస్టాఫ్: ఇంటర్వెల్‌కు ముందు నడిచే సినిమా. తెలుగు ప్రేక్షకుడికి టికెట్టు ఒకటే గాని సినిమాలు రెండు. రెండింటికీ మార్కులు విడివిడిగా పడతాయి, సగటు తీయడం ఉండదు. పాత టూరింగ్ టాకీసుల్లో ప్రొజెక్టరు ఒక్కటే ఉన్న చోట రీలు మార్చినప్పుడల్లా లైట్లు వేసేవారు కనుక ఆ కాలపు పెద్దలకు ఈ సగాల లెక్క పట్టదు. వారు సినిమాను సన్నివేశాలుగా గుర్తు పెట్టుకుంటారు. పక్క బల్ల మీంచి ‘మాయాబజార్’ ప్రసక్తి తెచ్చేది వారే. 1957 మార్చి 27న విడుదలైన ఆ సినిమాలో పాండవులు ఒక్కసారైనా తెరమీదికి రారన్న సంగతిని ప్రతి తరంలోనూ ఎవడో ఒకడు కొత్తగా కనిపెడతాడు. వాడు చెప్పినప్పుడు మిగిలినవాళ్ళు మొదటిసారి విన్నట్టు ‘అవును కదరా!’ అనాలి. అది మర్యాద.

పర్లేదు: ఈ పదానికి ‘చాలా బాగుంది’ మొదలు ‘నిద్ర పట్టింది’ దాకా అర్థాలున్నాయి. ఏ అర్థమో వక్త ముఖం చూసి నిర్ణయించుకోవాలి. కనుబొమలు పైకి లేస్తే మొదటి అర్థం, పెదవి విరిస్తే రెండోది. ఫోన్లో ఈ పదం వినబడినప్పుడు అర్థం తేలదు కాబట్టి, ‘సరిగ్గా చెప్పరా’ అన్న అనుబంధ ప్రశ్న తప్పనిసరి. సొంత హీరో సినిమాకు అభిమాని ‘పర్లేదు’ అన్నాడంటే అది పోయినట్టే లెక్క. ఎదుటి హీరో సినిమాకు ‘పర్లేదు’ అన్నాడంటే అది పెద్ద హిట్టు.

మామా: సంబోధన ప్రథమావిభక్తి. ఇక్కడ చుట్టరికం వివక్షితం కాదు. నిజంగా మేనమామ ఎదురుపడి ‘ఏరా, ఆ సినిమా ఎట్లా ఉందంట?’ అని అడిగితే ఇదే వక్త ‘ఏమో మావయ్యా, చూడలేదు’ అంటాడు. వయసులో రెండు మూడేళ్ళు పెద్దవాడైతే ‘అన్నా’, ఊళ్ళో పెద్దమనిషైతే ‘బాబాయ్’ అని పాఠం మారుతుంది; పాఠం మారినప్పుడు ‘లేపాడు’ కూడా ‘బాగా తీశారంట’ అయిపోతుంది. సినిమా మీద అభిప్రాయం వినేవాడి వయసును బట్టి మెత్తబడటం ఇక్కడి విమర్శకు ఉన్న గుణం, లోపం కాదు.

సెకండాఫే: చివరి ఏకారం అవధారణార్థకం. దోషం సెకండాఫ్‌దే గాని మరి దేనిదీ కాదని భావం. తెలుగు సినిమా చరిత్రలో ఫస్టాఫ్ మీద కేసు నిలబడ్డ దాఖలాలు తక్కువ. దీనికి కారణం ప్రేక్షకుడి ఓపిక తరగడమేనని కొందరంటారు. అది సగమే నిజం. చాలా కథలు ఇంటర్వెల్ వైపు చూస్తూ రాసినవి. అక్కడికి చేరేసరికి రాసినవాడి దగ్గర సరుకు అయిపోతుంది. ముడి వేయడానికి తెలివి చాలు, విప్పడానికి నిజాయితీ కావాలి. ఈ సంగతి సెకండాఫ్ చివర్లో విలన్ తన పథకాన్ని హీరోకు వివరంగా చెబుతున్నప్పుడు నేల టికెట్టువాడికి కూడా తెలిసిపోతుంది.

సాగదీశాడు: కర్త లుప్తం. అధ్యాహారం చేసుకోవాలి. ఎవరిని అధ్యాహారం చేసుకోవాలన్న దగ్గర ఒక సూక్ష్మం ఉంది. ఈ మూలంలో రెండు క్రియలకూ కర్త ‘వాడు’ అనే తోస్తుంది. కాని ‘సాగదీశాడు’లోని వాడు దర్శకుడు, ‘లేపాడు’లోని వాడు హీరో. ఫలితం బాగుంటే కర్తృత్వం హీరోకు, చెడితే దర్శకుడికి సంక్రమించడం ఈ వ్యాకరణంలో నిత్యవిధి. హీరోకు అభిమాని కానివాడు మాట్లాడుతుంటే ఇదే విధి తలకిందులవుతుంది. రచయితకు మాత్రం ఏ పక్షంలోనూ కర్తృత్వం దక్కదు. పింగళి నాగేంద్రరావు, ముళ్ళపూడి వెంకటరమణ, త్రివిక్రమ్ శ్రీనివాస్ ఈ విధికి అపవాదాలు. వారి మాట వచ్చినప్పుడు కొట్టులో రచయిత పేరు వినిపిస్తుంది.

ఇంటర్వెల్ మాత్రం: ‘మాత్రం’ అన్న అవ్యయం వల్ల ముందు చెప్పిన నింద అంతా రద్దయింది. లోకంలో చాలా సినిమాలను ఈ ఒక్క అవ్యయమే నిలబెట్టింది.

లేపాడు: ఈ క్రియకు మాటలతో అర్థం చెప్పడం కుదరదని వాడేవాళ్ళే ఒప్పుకుంటారు. అందుకే అభినయిస్తారు. భరతుడు చెప్పిన నాలుగు అభినయాల్లో ఆంగికానికీ వాచికానికీ ఇక్కడ కొదవ లేదు. ఆహార్యానికి బల్ల మీద ఉన్నవి చాలు. తాగేసిన టీ గ్లాసు హీరో. అగ్గిపెట్టె విలన్. ఉస్మానియా బిస్కెట్టు హీరో చెల్లెలు. పక్కవాడి సెల్‌ఫోను రైలు. ‘ట్రైను ఇక్కడ ఆగింది మామా... సైలెన్సు... బీజీఎం కూడా లేదు... చెల్లెలు ఇక్కడుంది... వీడు ఇక్కణ్ణుంచి వచ్చాడు, ఇట్లా చూశాడు’ అంటూ గ్లాసును మెల్లగా తిప్పి అగ్గిపెట్టె ముందు నిలబెట్టేసరికి కొట్టు కుర్రాడు వచ్చి హీరోను ఎత్తుకెళ్ళి బకెట్లో ముంచేస్తాడు. చెల్లెల్ని అప్పటికే ఎవరో తినేసి ఉంటారు. ‘ఇంటర్వెల్!’ అంటాడు వక్త. సమయస్ఫూర్తి గల వక్త.

హీరో తెరమీద అడుగు పెట్టగానే చిల్లర విసరడం కూడా ‘లేపడం’లో భాగం. కొత్త ఆచారమేమో అనుకునేవాళ్ళకు దీని పూర్వరూపం జగ్గయ్యపేటలోనే దొరుకుతుంది. ఊరి పక్కన ధనబోడు అన్న దిబ్బ మీది బౌద్ధ స్తూపాన్ని జేమ్స్ బర్జెస్ 1882లో తవ్వించాడు. అక్కడ బయటపడ్డ పలకల్లో ఒకదాని మీద మాంధాత చక్రవర్తి ఉన్నాడు. చేయి పైకెత్తి నిలబడ్డాడు. మబ్బుల్లోంచి చదరపు నాణేలు వానగా కురుస్తున్నాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, రాణి, మంత్రి. రెండు వేల ఏళ్ళ కిందటి హీరో ఎంట్రీ ఇది. కథలో ఆ తరువాత మాంధాత స్వర్గానికి వెళ్ళి, ఇంద్రుడి సింహాసనంలో సగం పంచుకుని, మిగతా సగం మీద కూడా కన్నువేసి కిందపడతాడు. శిల్పి ఆ గొడవలోకి పోలేదు. నాణేల వాన దగ్గరే ఉలి దించాడు; సెకండాఫ్ చెక్కి సాగదీశాడన్న మాట పడలేదు.

ఒకసారి చూడొచ్చు: ఇది విధి కాదు, నిషేధం కాదు, అనుమతి. చూడమని ఎవరూ ఆజ్ఞాపించలేదు కనుక బాగాలేకపోతే వక్తకు బాధ్యత లేదు. చూడవద్దనీ అనలేదు కనుక బాగుంటే పేరు వక్తకే. సమీక్షల భాషలో దీన్ని అయిదుకు రెండు ముప్పావు అంటారు. మూడు వేస్తే నిర్మాత పోస్టరు మీద వేసుకుంటాడు, రెండున్నర వేస్తే అభిమానులు ఇంటి మీదికి వస్తారు. మధ్యలో ఉన్న ఆ పావు తెలుగు సమీక్షకుడు కనిపెట్టిన శాంతి మంత్రం.

‘ఒకసారి’ అన్న సంఖ్యను అక్షరాలా తీసుకోరాదు. 2010 అక్టోబరు 7న వచ్చిన ‘ఖలేజా’ను థియేటర్లో ఒకసారి చూసినవాళ్ళే తక్కువ. అది ఆడలేదు. ఆ తరువాత టీవీలో వచ్చినప్పుడల్లా చూసి చూసి, మాటలన్నీ నోటికి వచ్చి, 2025 మే 30న మళ్ళీ విడుదల చేస్తే ఆ మాటల్ని తెరకంటే ముందే అరిచారు. అదే దర్శకుడు, అదే హీరో, అదే సినిమా. మారింది వ్యాఖ్యానమే. పదిహేనేళ్ళు అన్నం తింటూ చూసిన జనం దానికి టీక రాసి హిట్టు చేశారు. ‘అతడు’ సంగతి చెప్పనక్కర్లేదు. రిమోటు నొక్కితే ఏదో ఒక చోట పార్థు బాసర్లపూడిలో దిగుతూనే ఉంటాడు.

అన్వయానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి

వాక్యం నుంచి అర్థం పుట్టాలంటే పదాల మధ్య ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని తర్కశాస్త్రం. మొదటిదానికి తెలుగువాళ్ళకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు: 2015 జులై 10న ‘బాహుబలి’ మొదటి భాగం కట్టప్ప కత్తి దగ్గర ఆగింది. సమాధానం 2017 ఏప్రిల్ 28న గాని రాలేదు. ఒక వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఇచ్చి కారణం మాత్రం దాచుకుంటే ఆకాంక్ష ఎంతకాలం నిలుస్తుందో ఆ ఇరవై ఒక్క నెలలూ చూపించాయి. టీ కొట్ల దగ్గర అల్లిన కారణాల్లో కొన్ని దర్శకుడి కారణం కంటే పకడ్బందీగా ఉన్నాయి. చంపినవాడు కట్టప్ప కాడు, కట్టప్ప వేషంలో ఉన్నవాడన్నది ఒకటి. చనిపోయినవాడు బాహుబలి కాడన్నది మరొకటి. రెండో భాగంలో శివగామి ఆజ్ఞ అని తేలినప్పుడు ‘ఓస్, ఇంతేనా’ అన్నవాళ్ళు వాళ్ళే. మూలం తమ టీకకు తగ్గట్టు లేదని వాళ్ళ ఫిర్యాదు.

ప్రమాణ విచారం

తర్కం చెప్పినవాడు అన్నంభట్టు. పదిహేడో శతాబ్దం వాడు. ‘తర్కసంగ్రహం’ రాసి, దానికి ‘దీపిక’ అనే వ్యాఖ్య కూడా తానే రాసుకున్నాడు. సినిమా తీసి, అర్థం కాలేదంటే ఇంటర్వ్యూల్లో వివరించే దర్శకులకు ఆయన ఆద్యుడు. ఆయన స్వగ్రామం కృష్ణా జిల్లా గరికపాడు అని సంప్రదాయం చెబుతుంది. చెక్‌పోస్టు ఊరి పేరూ అదే కాబట్టి జగ్గయ్యపేటవాళ్ళు ఆయన్ని తమవాడిగా లెక్క కడితే అడ్డు చెప్పడం భావ్యం కాదు. శోభన్‌బాబు విషయంలో పోయింది కొంతైనా ఇక్కడ పూడుతుంది.

ఆయన ఒప్పుకున్న ప్రమాణాలు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. సినిమా చూసి మాట్లాడటం ప్రత్యక్షం. దీన్ని గురించి చెప్పడానికి ఏమీ లేదు, ఎవరూ పెద్దగా పట్టించుకోరు కూడా. అనుమానానికి అన్నంభట్టు కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించమన్నాడు. ఇక్కడ థియేటరు బయట బైకుల వరసను చూసి టాకును ఊహిస్తారు. రెండో ఆటకు ఆ వరస సన్నబడితే సినిమా పోయింది. ట్రైలరు నుంచి కథ చెప్పడం కూడా అనుమానమే. మూడోది ఉపమానం: ‘అచ్చం ఆ కొరియా సినిమాలాగే ఉంది మామా.’ ఆ కొరియా సినిమా చూశావా అంటే, లేదు, అట్లా అని చెప్పారు. ఇక్కడ ఉపమానం శబ్ద ప్రమాణంలో కలిసిపోయింది.

శబ్దం అంటే ఆప్తుడి మాట. ఈ ప్రాంతంలో ఆప్తుడు సాధారణంగా డల్లాస్‌లో ఉంటాడు. అక్కడ ప్రీమియర్ సాయంత్రం పడితే ఇక్కడ తెల్లవారుజాము. నందిగామలో పాలు కాగే వేళకు టాక్ దిగుతుంది. ఇంటర్వెల్ దాకా ఒక మెసేజీ, అయిపోయాక ఒకటి. ఊళ్ళో గేట్లు తీసేసరికి తీర్పు వెలువడి, దాని మీద అప్పీలు కూడా నడుస్తుంటుంది. పూర్వం ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో రాసిన సమీక్ష కోసం వారం ఆగినవాళ్ళుండేవారు. సినిమా చూశాక సమీక్ష చదివి, తాము నవ్వింది సరైన చోటో కాదో సరిచూసుకునేవారు. ఇప్పుడు వరస మారింది. టీక ముందు వస్తుంది, మూలం తరువాత. ఇది పతనమని కొందరు వాపోతారు గాని, సంస్కృత పంచకావ్యాలు చదువుకున్నవాళ్ళలో ఎక్కువమంది చేసింది ఇదే. మల్లినాథుడు ఏమన్నాడో చూసి, ఆపైన కాళిదాసు ముఖం చూశారు.

టెలివిజన్‌కు అతిదేశం

ఒకచోట చెప్పిన విధిని మరోచోటికి పొడిగించడం అతిదేశం. పై సూత్రాలన్నీ టీవీ కార్యక్రమాలకూ వర్తిస్తాయి, కొద్ది మార్పులతో.

అసలు ఇంటిల్లిపాదికీ టీకా తాత్పర్యంతో అందిన మొదటి దృశ్యకావ్యం దూరదర్శన్ ‘రామాయణ్’. 1987 జనవరి 25న మొదలై మరుసటి ఏడాది జులై దాకా, ఆదివారం ఉదయం. భాష హిందీ. టీవీ ఉన్న ఒక్క ఇంట్లో వీధంతా చేరితే, హిందీ రానివాళ్ళకు కథ వచ్చు, హిందీ వచ్చిన కుర్రాడికి కథ రాదు. కుర్రాడు ప్రతిపదార్థం చెబితే ముసలమ్మ తాత్పర్యం చెప్పేది. ‘ఏమంటున్నాడ్రా?’ ‘అన్నయ్యా, నేనూ వస్తానంటున్నాడు మామ్మా.’ ‘లక్ష్మణుడు. వస్తాడు. సీతమ్మ కూడా వస్తుంది చూడు.’ సస్పెన్సు అన్న గుణం లేకుండా ఏడాదిన్నర నడిచిన సీరియల్ అది; ఎవరికీ లోటనిపించలేదు.

పాఠభేదాలకు ‘అమృతం’ ఉంది. గంగరాజు గుణ్ణం 2001లో జెమిని టీవీలో మొదలుపెట్టిన ఈ సీరియల్‌లో అమృతరావుగా మొదట శివాజీ రాజా, తరువాత నరేశ్, ఆ తరువాత హర్షవర్ధన్ వేశారు. ఆంజనేయులు మాత్రం ఎప్పుడూ గుండు హనుమంతరావే. మూడింట్లో ఏది ప్రామాణిక పాఠమన్న వివాదం ఇరవై ఏళ్ళ తరువాత కూడా తెగలేదు. తమకు పదేళ్ళ వయసులో ఎవరు అమృతమో వాళ్ళే అసలు అమృతమన్నది వాదించేవాళ్ళందరి రహస్య న్యాయం. పండితులు ఆంజనేయులు పక్షం వహించి తప్పించుకుంటారు.

శంకకు ‘కార్తీకదీపం’. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో నడిచింది. శంక ఏమంటే: భార్యను అనుమానించిన డాక్టర్ బాబు స్వయంగా డాక్టరు. డీఎన్‌ఏ పరీక్ష ఒకటి చేయిస్తే మర్నాటికి తేలిపోయే సంగతికి అయిదేళ్ళెందుకు? ఈ ప్రశ్న మగవాళ్ళ బల్లల దగ్గర ఎక్కువ వినిపిస్తుంది. అంటే వాళ్ళు సీరియల్ చూడటం లేదన్నది అబద్ధమని ముందుగా తేలుతోంది. సమాధానం ఇది. సందేహం పరీక్షతో పోయేదైతే అది సందేహమే కాదు. అనుమానించే మొగుడికి రిపోర్టు చూపిస్తే ల్యాబును అనుమానిస్తాడు. ఈ సంగతి ఆ భార్యకు, అంటే వంటలక్కకు, తెలుసు, చూసే ఆడవాళ్ళకు అంతకంటే బాగా తెలుసు. కనుక కథలో లోపం లేదు; లోపం వైద్యశాస్త్రం మీద మగవాళ్ళకున్న నమ్మకంలో ఉంది.

తాత్పర్య నిర్ణయం

ఒక గ్రంథం దేని గురించి చెబుతోందో తేల్చడానికి మీమాంసకులు ఆరు గుర్తులు పెట్టారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. మూలానికి వీటిని పట్టించి చూడాలి. ఉపక్రమం ‘పర్లేదు’, ఉపసంహారం ‘ఎళ్దామా’; రెండూ అనుకూలమే. అభ్యాసం, అంటే మళ్ళీ మళ్ళీ చెప్పడం, మూలంలో లేదు గాని కొట్టులో ఉంది, ఇదే సంభాషణ వచ్చిన ప్రతివాడితోనూ మొదటి నుంచి నడుస్తుంది. అపూర్వత శూన్యం. మిగిలింది అర్థవాదం. ఒకదాన్ని నిందించడం నింద కోసం కాదనీ, పక్కనున్నదాన్ని పొగడటం కోసమనీ మీమాంసకుల న్యాయం. కాబట్టి సెకండాఫ్‌ను సాగదీశాడన్నది ఇంటర్వెల్‌ను పొగడటానికే. ఇంటర్వెల్‌ను పొగిడింది చూడొచ్చనడానికే. చూడొచ్చన్నది ఎళ్దామా అనడానికే. ఫలం సినిమాకు పోవడం. విమర్శలా కనిపించే ఈ గ్రంథమంతా ఒక ఆహ్వాన పత్రిక.

ఉపపత్తి ఒక్కటే అడ్డం పడుతుంది. అదే చివరి శంక.

ఎల్లుండి ఎళ్దామా: ఒకసారి చూడొచ్చన్నవాడు తాను చూసేసినట్టే కదా. ఎల్లుండి మళ్ళీ వెళ్తే రెండుసార్లవుతుంది. తన మాటను తానే కొట్టేసుకున్నవాడి వాక్యం ప్రమాణమెలా?

దీనికి నందిగామ పక్షంవాళ్ళ సమాధానం: ‘ఒకసారి’ వినేవాడికి వర్తిస్తుంది. వక్త తోడు వెళ్తాడంతే. తోడు వెళ్ళినవాడు తెరవైపు చూడడు. ఇంటర్వెల్ సీను దగ్గర పక్కవాడి ముఖం చూస్తాడు, తాను చెప్పినట్టు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా లేదా అని. అది సినిమా చూడటం కిందికి రాదు.

జగ్గయ్యపేట పక్షంవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. వారి సిద్ధాంతం: వక్త అసలు సినిమా చూడలేదు. మూలంలో ఒక్క సన్నివేశం పేరైనా లేకపోవడం ఇందుకు లింగం. ‘సాగదీశాడు’ డల్లాస్ నుంచి వచ్చిన మాట, ‘లేపాడు’ ఫోన్లో చూసిన పది సెకన్ల క్లిప్పు, గ్లాసూ అగ్గిపెట్టే ఆ క్లిప్పుకు చేసిన అభినయం. ఇంకా చూడలేదు కనుక ఎల్లుండి చూడబోయేదే ‘ఒకసారి’. విరోధం లేదు. అవతారికలో వదిలేసిన అధికారి ప్రశ్నకూ ఇదే జవాబు. కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవడూ అన్నంభట్టు అయిపోడని పండితుల్లో ఒక నానుడి ఉంది. థియేటరుకు వెళ్ళినంత మాత్రాన విమర్శకుడూ కాలేడు. చూసినవాడు తాను చూసినదానికి కట్టుబడి ఉండాలి. చూడనివాడికి ఆ ఇబ్బంది లేదు, ఎంతసేపైనా మాట్లాడగలడు. నందిగామ పక్షం కంటే ఈ పక్షం బలంగా ఉంది.

‘ఎళ్దామా’ అన్నది ప్రశ్న కాదని మాత్రం ఇరుపక్షాలూ అంగీకరిస్తాయి. టికెట్లు ఎవరు తీయాలన్నది మూలంలో లేదు. ఆ వాక్యం ఒకటి ఉండేదనీ, వాడుకలో లుప్తమైపోయిందనీ కొందరంటారు. వక్త కావాలనే వదిలేశాడని మరికొందరు.